దేవసహాయం సారు కొట్టేసిన రెండు వాక్యాలు

దేవసహాయం సారుకు అంకెలంటే పిచ్చి. పొద్దున పెనుకొండ స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగేలోపు రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా నడిచిందో జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. రాసుకుని ఏం చేసేవాడంటే, ఏమీ చేసేవాడు కాదు. ఇంట్లో భార్య శైలజ "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే "ఎన్ని చెంచాలు వేసినావు?" అని ఎదురడిగే మనిషి. అట్లాంటి మనిషికి రోజూ వండిపెట్టడానికి ఎంత ఓపిక కావాలో ఆమెనే అడగాలి.

ఆయనది నల్లమాడ దగ్గర ఒక చిన్న పల్లె. అమ్మా నాయనా వేరుశనగ చేలల్లో కూలికి పోయి చదివించారు. తొంభై ఆరులో టీచరు ఉద్యోగం వచ్చి, ధర్మవరంలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పడానికి కుదురుకున్నాడు. బాగా చెప్పేవాడు, అందులో ఎవరికీ రెండో మాట లేదు. లేబొరేటరీ అని బోర్డు తగిలించిన గదిలో పగిలిన బీకర్లు తప్ప ఏమీ లేకపోయినా, సైకిలు చువ్వలతో, వాడిపారేసిన సిరంజిలతో పాఠమంతా కళ్ళకు కట్టించేవాడు. ఉన్న కోరికల్లా ఒక్కటే. ఏటా హిందూపురంలో జరిగే విజ్ఞాన ప్రదర్శనలో తన పిల్లలకు ఒక్కసారైనా మొదటి బహుమతి రావాలి. పదకొండేళ్ళు పిల్లల్ని వెంటేసుకుని తిరిగాడు. పదకొండుసార్లూ పాల్గొన్నందుకు అభినందనలు అన్న కాగితం పట్టుకుని తిరుగు రైలెక్కాడు. ఒక ఏడు అగ్నిపర్వతం నమూనా కాస్త ముందుగా పొంగి, చూడవచ్చిన పెద్దమనిషి తెల్ల ప్యాంటు పాడుచేసింది. ఆ ఏడు ఆ కాగితం కూడా రాలేదు.

వీటన్నిటినీ ఆయన నవ్వుకుంటూ చెప్పేవాడు గానీ, ఒకటి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. రెండువేల రెండులో ఒక పిల్ల ఇంకుడుగుంతల మీద ప్రాజెక్టు చేసింది. "బావిలో నీళ్ళు ఎంత పెరిగాయమ్మా?" అని జడ్జి అడిగితే "శానా పెరిగినట్లు అనిపించింది సార్" అంది. జడ్జి నవ్వాడు. పిల్లతో కాకుండా వెనక నిలబడిన దేవసహాయంతో అన్నాడు, "అనిపించడం సైన్సు కాదు మాస్టారూ." పదిమంది ముందు అన్నాడు. ఆనాటినుంచి ఆయన క్లాసులో ఆ మాటకు చోటు లేదు. ప్రాజెక్టు నోటుబుక్కులో ఎవరైనా 'అనిపించింది' అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 'ఎంత?' అని రాసేవాడు. ఒక మాట పడ్డందుకు మనిషి ఎంత దూరం పోతాడో చూడండి.

రెండువేల ఎనిమిదిలో పదో తరగతికి చౌడేశ్వరి అనే పిల్ల వచ్చింది. పట్టుచీరలు నేసే గంగాధర కూతురు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. బోర్డు మీద సారు ఒక గీత వంకరగా గీస్తే చెయ్యెత్తకుండా అట్లే చూస్తూ ఉండేది. ఆ చూపుకు ఆయనే గీత చెరిపి మళ్ళీ గీసేవాడు. ఆ ఏడు ప్రదర్శనకు ఈ పిల్లనే తీసుకుపోవాలని ఆయన అప్పుడే అనుకున్నాడు.

అంతకుముందు వేసవిలో పనిమీద బెంగుళూరు పోయినప్పుడు ఆయన అంగట్లో ఒక బల్బు కొన్నాడు. చిన్న చిన్న గింజల్లాంటి లైట్లు గుండ్రంగా పేర్చిన ఎల్ఈడీ బల్బు, ఆరు వాట్లు. అప్పటికి ధర్మవరం వీధుల్లో అలాంటిది ఎవరింట్లోనూ లేదు. మామూలు బల్బు కంటే ఇది ఎంత కరెంటు మిగిలిస్తుందో కొలవాలి, అదీ ప్రాజెక్టు. స్కూల్లో ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూ ఉంటుంది కాబట్టి అక్కడి మీటరుతో కుదరదు. అందుకని ఆదివారం గంగాధర ఇంటికే పోయారు.

వాకిట్లో పాతకాలం మీటరు ఉంది. అద్దం వెనక అల్యూమినియం చక్రం, దాని అంచున నల్ల గుర్తు. చక్రం పన్నెండు వందల చుట్లు తిరిగితే ఒక యూనిట్ అని దాని మీదే రాసి ఉంది. ఇంట్లో ఫ్యాను, టీవీ అన్నీ ఆపేసి, మగ్గం మీద వేలాడే అరవై వాట్ల బల్బు ఒక్కటి వేసి, చౌడేశ్వరి స్టూలు మీద కూర్చుని గంటసేపు చుట్లు లెక్కపెట్టింది. డెబ్బై రెండు. ఆ గంటలో వాళ్ళమ్మ సిద్దమ్మ మూడుసార్లు బయటికొచ్చి పోయింది.

"ఇంగెంతసేపు సార్? చట్నీకి మిక్సీ ఏసుకోవాల."

"ఒక్క గంటమ్మా."

"ఇందాక కూడా అదే అంటిరి గదా సార్."

తర్వాత ఎల్ఈడీ బల్బు పెట్టారు. చక్రం కదులుతోందో లేదో తెలియలేదు. గంగాధర మీటరు అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఏంది సార్, ఇది నిద్రపోయిందా?" అన్నాడు. గంటకు ఏడు చుట్లు తిరిగింది. దేవసహాయం ఆ ఏడు అంకెను పుస్తకంలో రాసుకుని, చుట్టూ సున్నా చుట్టి, కింద రెండు గీతలు గీశాడు. ఆయన సంతోషం అట్లా ఉంటుంది మరి.

కరెంటు తక్కువ తింటే చాలదు, వెలుగు కూడా సమానంగా ఉండాలి. వెలుగు కొలిచే యంత్రం కొనే స్తోమత స్కూలుకు లేదు. దానికి పాత ఉపాయం ఒకటుంది. తెల్ల కాగితం మీద నూనె చుక్క వేసి, చీకటి గదిలో రెండు దీపాల మధ్య నిలబెట్టాలి. రెండు పక్కలనుంచీ పడే వెలుగు సమానమైన చోట ఆ నూనె మరక కంటికి కనిపించకుండా పోతుంది. అప్పుడు దూరాలు కొలుచుకుంటే ఏ దీపం ఎంతో తేలుతుంది. మగ్గం గదిలో కిటికీకి గోనెసంచి కట్టి, సిద్దమ్మ ఇచ్చిన శెనగనూనెతో చుక్క వేసి, కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపారు.

"మరక పోలేదు సార్. పాత బల్బు పక్క పసుప్పచ్చగా, ఈ పక్క నీలంగా కనపడ్తాండాది" అంది చౌడేశ్వరి.

"మసకబారిందా లేదా?"

"బారింది సార్."

"అయితే పోయినట్లే. దూరం కొలువు."

పిల్ల కొలిచింది. అయితే కొలిచాక గది తలుపు తీయకుండా అక్కడే కాసేపు నిలబడింది. మూలన బుట్టలో కండెలున్నాయి. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే పుల్ల, దాని మీద పట్టుదారం చుట్టి ఉంటుంది. చిన్నప్పటినుంచీ వాటిని చుట్టేది ఆమే. బుట్టలోంచి రెండు తీసి ఎల్ఈడీ కింద పట్టుకుని చూసింది. పాత బల్బు కింద చూసింది. మళ్ళీ ఎల్ఈడీ కింద చూసింది. దేవసహాయం అప్పటికే వాకిట్లో కూర్చుని, సిద్దమ్మ ఎట్టకేలకు చేసిన చట్నీతో దోసె తింటున్నాడు.

మర్నాడు నోటుబుక్కు ఆయన బల్ల మీదికి వచ్చింది. పట్టికలు ముత్యాల్లా ఉన్నాయి. చివర రెండు వాక్యాలున్నాయి. 'ఎల్ఈడీ పక్క మరక పూర్తిగా పోలేదు. ఈ వెలుగులో దానిమ్మ రంగు కండె, వక్క రంగు కండె ఒకటే మాదిరి అనిపించాయి.'

ఆయన ఎర్ర పెన్ను తీశాడు.

"ఇవి నాకు కనపడినాయి సార్" అంది చౌడేశ్వరి.

"ఎంత? కొలిచినావా?"

"రంగును దేంతో కొలిచేది సార్?"

"కొలవలేనిది రాయకూడదమ్మా. మన ప్రాజెక్టు కరెంటు గురించి. జడ్జి ఇది చదివితే మొత్తం తప్పుల తడక అంటాడు. కంటికి కనిపించేదంతా నిజం కాదు."

రెండు వాక్యాల మీద రెండు గీతలు పడ్డాయి. పిల్ల "సరే సార్" అంది. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడు. అదేమంత పెద్ద సమర్థన కాదని ఆయనకే తర్వాత తెలిసింది.

హిందూపురంలో ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. చౌడేశ్వరి అట్టపెట్టెలో మరక కాగితం, పక్కన చక్రం చుట్ల పట్టిక పెట్టుకుని తొణక్కుండా చెప్పింది. జడ్జి ఒకాయన అంతా విని, "బాగుందమ్మా. ఈ బల్బులో లోపమేమీ లేదా?" అని అడిగాడు. పిల్ల తలతిప్పి సారు వైపు చూసింది. ఆయన కళ్ళతోనే 'వద్దు' అన్నాడు. "లేదు సార్" అంది. సాయంత్రానికి మొదటి బహుమతి ప్రకటించారు. దేవసహాయం పిల్లల ముందు కళ్ళు తుడుచుకున్నాడు. సిగ్గుపడలేదు.

కూతుర్ని చూసుకోవడానికి గంగాధర కూడా మగ్గం వదిలి వచ్చాడు. తిరుగు రైల్లో సర్టిఫికెట్టును చేతుల్లోంచి దించలేదు. హిందూపురం దాటినప్పటినుంచీ ఏదో చెప్పాలని చూసి చూసి, పెనుకొండ వచ్చేముందు నోరు తెరిచాడు.

"సార్, పదో తరగతితో మానిపించి మగ్గం కాడ కూర్చోబెడదామనుకుంటి. ఇప్పుడు చెప్తాండా. కాలేజీకి పంపిస్తా. ఎంతదాకా సదువుతే అంతదాకా."

దేవసహాయానికి బహుమతి కంటే ఆ మాటే పెద్దదిగా తోచింది. సంచిలోంచి ఆ బల్బు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మీ మగ్గం మీదే వెలగాలన్నా. మీ బిడ్డ కొలిచిన లైటు. పగటి వెలుగు మాదిరి తెల్లగా ఉంటుంది. ఇక కండె పట్టుకుని మాటిమాటికీ వాకిట్లోకి తిరిగే పని కూడా ఉండదు."

ఆ చివరి మాట ఎందుకు అన్నాడో ఆయనకే తెలియదు. నేతగాళ్ళకు ఒక అలవాటు ఉంది. కొత్త కండె నాడెలో పెట్టేముందు, అయిపోయిన కండెనూ దాన్నీ కలిపి పట్టుకుని వాకిట్లోకి పోయి ఎండలో చూస్తారు. రంగు అద్దేటప్పుడు ఒక్కో విడతకు ఒక్కో ఛాయ వస్తుంది. పసుపు బల్బు కింద ఆ తేడా తెలియదని వాళ్ళు బల్బును నమ్మరు, ఎండనే నమ్ముతారు. ఎంత చేయి తిరిగినవాడైనా లేచి పోవాల్సిందే. గంగాధర ఇరవై ఏళ్ళు అట్లాగే లేచాడు. సైన్సు సారు అక్కర్లేదన్నాడు, కూతురు కొలిచిన లైటు పైన తెల్లగా వెలుగుతోంది. లేవడం మానేశాడు.

తర్వాత కొన్నాళ్ళకు చౌడేశ్వరి బడికి సరిగ్గా రావడం తగ్గింది. అడిగితే "నాయనకు బాగలేదు సార్" అనేది. "పరీక్షలు జాగ్రత్తమ్మా" అనేవాడు. అంతకంటే అడగలేదు. రోజూ రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసుకున్న మనిషి, ఈ పిల్ల ఎన్ని రోజులు రాలేదో లెక్కపెట్టలేదు. పరీక్షలు రాసింది. మేలో ఫలితాలొచ్చాయి. ఆరు వందలకు అయిదు వందల ముప్పై ఒకటి, స్కూల్లో ఫస్టు. పిల్లలందరూ మార్కుల మెమోలు తీసుకుపోయారు, ఆమె రాలేదు. జూన్ నెల నడుస్తుండగా ఆయనే మెమో సంచిలో పెట్టుకుని బయలుదేరాడు.

వాకిట్లో అడుగు పెట్టగానే ఏదో తేడాగా ఉన్నట్లు తోచింది. మగ్గం గుంతలో చౌడేశ్వరి కూర్చుని నేస్తోంది. గంగాధర మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. ఆ ఇంట్లో ఆ పని ఆడపిల్లది, మగ్గం తండ్రిది. మగ్గం మీద పాత పసుపు బల్బే వేలాడుతోంది. బహుమతి తెచ్చిన ఎల్ఈడీ బల్బు గూట్లో సర్టిఫికెట్టు పక్కన భద్రంగా ఉంది.

"రాండి సార్, రాండి" అని గంగాధర లేచి చాప పరిచాడు. సిద్దమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఏమన్నా, ఇదేంది?"

"కండ్లు పోయినాయి సార్" అన్నాడు గంగాధర. వానలు పడుతున్నాయన్నంత మామూలుగా అన్నాడు. "కార్తీకంలో ఒక దానిమ్మ రంగు చీర నేస్తి. నేసినంత మేరా ముందర కర్రకు చుట్టుకోని పోతుంది గదా, మద్దెలో ఇప్పి చూసుకోము. కోసి షావుకారు నాగరాజు ముందర ఎండలో పరిస్తే, నడి చీరలో జానెడు మేర వక్క రంగు పట్టె. కండె మారిపోయింది. పసిపిల్లోడు గూడా కనుక్కుంటాడు సార్ ఆ తేడా. నాకి కనపళ్ళేదు."

"కంటి డాక్టరుకు చూపించినావా?"

"పుట్టపర్తికి పోతిమి. బాగుండాయన్నారు. వాళ్ళు అక్షరాలు సదివిస్తారు సార్, రంగులు వాళ్ళకేం తెలుస్తాయి? అప్పటినుంచీ నేనే కూర్చోవడం మానేస్తి. చేయి కూడా ఆడదు. ఇదీ అదీ ఒకటేనా అని అనుమానం. బిడ్డ నేస్తాంది. రంగులు గూడా అదే చూస్తుంది."

ఆ లైటు సంగతి గంగాధర ఎత్తనే లేదు. ఆయన మనసులో లైటు మీద అనుమానమే లేదు. సిద్దమ్మ తెచ్చిన కాఫీ గ్లాసును దేవసహాయం కింద పెట్టేశాడు. నోటుబుక్కు చివర తాను కొట్టేసిన రెండు వాక్యాలు, ఆ రంగుల పేర్లతో సహా, కళ్ళ ముందుకొచ్చాయి. లేచి పోయుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క క్షణం ఆయనకు ఆ ఆలోచన కూడా వచ్చింది. ఆ సంగతి దాచి ఆయన్ను గొప్పవాడిగా చూపడం నా వల్ల కాదు. అయితే ఆయన లేవలేదు.

"గంగాధరన్నా, నీ కండ్లు బాగుండాయి. తప్పు లైటుది. దాని వెలుగులో ఎర్ర రంగు బాగా తక్కువ. దానిమ్మా, వక్కా దాని కింద ఎవరికైనా ఒకటే మాదిరి కనపడతాయి. ఈ సంగతి మన చౌడమ్మ ముందే కనిపెట్టింది, పుస్తకంలో రాసింది కూడా. నేనే కొట్టేసినా. వాకిట్లోకి పోయే పని లేదని నీకు చెప్పింది కూడా నేనే."

మగ్గం చప్పుడు ఆగింది. గంగాధర కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చూసింటివా?"

"చూసింటి నాయనా."

"ఆ పొద్దు కండె చేతికిచ్చి, రెండూ ఒకటే గదామ్మా అని నిన్నే అడిగితి. ఒకటే అంటివి గదా."

చౌడేశ్వరి నాడె ఒళ్ళో పెట్టుకుంది. సారు వైపు చూడలేదు. "అనుమానం వచ్చింది నాయనా. బయటికి తీసుకోనిపోయి చూద్దామా అనుకుంటి. కంటికి కనపడేదంతా నిజం కాదని సార్ చెప్పినారు గదా. నా కండ్లదే తప్పేమోలే అనుకుంటి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నదున్నట్లు చెప్పింది, అంతే. కోపం ఉండుంటే దేవసహాయానికి కొంత తేలికగా ఉండేది. ఇంట్లో ఇద్దరు మనుషులు. ఇద్దరివీ మంచి కళ్ళు. ఆ ఇద్దరూ తమ కళ్ళు చెడ్డవని నమ్మారు. నమ్మించింది తాను. పన్నెండేళ్ళలో చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఈ ఒక్క పాఠమంత గట్టిగా ఎవరికీ ఎక్కలేదు. ఆయనకు ఏడుపొచ్చింది, ఏడవడానికి ముఖం చెల్లలేదు.

గంగాధర రెండు కళ్ళనూ వేళ్ళతో తడుముకున్నాడు. తర్వాత "అట్లయితే నా కండ్లు బాగుండాయంటారా సార్?" అన్నాడు.

"బాగుండాయన్నా. నామాట నమ్ము."

గంగాధర బుట్టలోంచి రెండు కండెలు తీసుకుని వాకిట్లోకి నడిచాడు. మధ్యాహ్నపు ఎండ సూటిగా పడుతోంది. రెంటినీ పక్కపక్కన పట్టుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండూ ఆకుపచ్చవే, ఒకే విడతలో అద్దినవే. కూర్చున్నచోటినుంచి దేవసహాయానికి కూడా తెలుస్తోంది. "ఒకటే" అన్నాడు గంగాధర, తనలో తాను. ముఖం కొంచెం విప్పారింది. దేవసహాయం ఊపిరి పీల్చుకున్నాడు.

గంగాధర కదల్లేదు. ఇంకోసారి చూశాడు. కళ్ళు చిట్లించాడు. కండెలు పట్టుకున్న చేయి దించి, మళ్ళీ ఎత్తాడు.

"చౌడమ్మా, ఒకసారి ఈడికి రామ్మా. ఇవి రెండూ ఒకటేనా చూడు."

పిల్ల మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది. చూసింది. "ఒకటే నాయనా. నువ్వు చెప్పిందే సరి."

"బాగా చూసినావా?"

"బాగా చూసినా."

ఆయన తల ఊపి లోపలికొచ్చి రాట్నం ముందు కూర్చున్నాడు. మగ్గం వైపు పోలేదు. చౌడేశ్వరి మళ్ళీ గుంతలోకి దిగబోతూ, సారు చేతిలో మెమో చూసి ఆగింది. చేయి చాచి తీసుకుని, మార్కులు చూసుకుని, మడవకుండా సిద్దమ్మకు ఇచ్చింది. అప్పుడు ఎవరూ అడగకముందే నెమ్మదిగా, తండ్రికి వినపడకుండా అంది.

"నేను కాలేజీకి పోతే నాయనకు రంగులు ఎవరు చూస్తారు సార్?"

కాలేజీలో చేరడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆ మాట చెప్పడానికే ఆయన వచ్చాడు. చెప్పకుండానే లేచాడు.